మోటారుకారులో చల్లగాలి: మరమ్మతు ఖర్చు, మార్పు ఖర్చు

ఏప్రిలు నెల సగము గడచునప్పటికి సికింద్రాబాదు వీధులలో తారు మెత్తబడును. రాణీగంజు కూడలిలో ఎర్రదీపము వెలిగియున్నప్పుడు కారులో కూర్చున్నవారికి రెండు నిమిషములు రెండు గడియలుగా తోచును. ఎండలో నిలిపి ఉంచిన కారు లోపలి వేడి, బయటి వేడికంటె ఇరువది డిగ్రీలకు పైగా పెరుగుట సాధారణము. కారులో చల్లగాలి యంత్రము ధనికుల విలాసమని ఒకప్పుడు తలచెడివారు. నేడు ముదుసలులు, రోగులు, పసిబిడ్డలు గల ఇండ్లలో అది అవసరముల పట్టికలో చేరినది. అందుచేతనే అది చెడినప్పుడు గృహస్థునకు కలుగు చింత చిన్నది కాదు.

ఇటీవల లాలాగూడ నుండి ఒక శ్రోత మాకు ఉత్తరము వ్రాసినారు. వారు రైల్వేలో పనిచేసి విరమించినవారు. వారి కారు 1996వ సంవత్సరపుది. వారి భార్యకు వారమునకు మూడు మారులు డయాలిసిస్ జరుగవలెను. ఉదయము చల్లనివేళ ఆసుపత్రికి పోవుట కష్టము లేదు. మధ్యాహ్నము రెండు గంటలకు, నీరసించియున్న మనిషిని ఎండలో తిరిగి ఇంటికి చేర్చుటయే కష్టము. నాలుగు వేసవులుగా వారు ఏటేట గ్యాసు నింపించుచున్నారు. అందుకు ఇంతవరకు రూ. 9,000కు పైగా అయినది. ప్రతియేడు రెండు మూడు వారములు చల్లగా ఉండి, పిదప ఎప్పటివలెనే వేడిగాలి వచ్చుచున్నది. ఈ యేడు మరమ్మతుదారు, "ఇది పాత గ్యాసు బండి, సాంతము మార్పించవలెను" అని చెప్పి రూ. 38,000 అంచనా వ్రాసి ఇచ్చినాడట. "మార్పించుటయా, బాగుచేయించుటయా, మానుకొనుటయా?" అని వారి ప్రశ్న.

ఈ ప్రశ్న వారి ఒక్కరిదే కాదు. కనుక కొంచెము విపులముగా సమాధానము చెప్పదలచితిమి.

మొదట చల్లదనము ఎట్లు పుట్టునో చూతము. తడిచేతిపై ఊదిన చల్లగా తోచును. కొత్త కూజాలో నీరు చల్లబడును. పూర్వము కంటోన్మెంటు బంగళాల గుమ్మములకు వట్టివేళ్ళ తడికలు కట్టి నీరు చల్లుచుండెడివారు. వాటిగుండా వచ్చిన వడగాలియే చల్లగాలిగా మారెడిది. వీటన్నిటికి మూలసూత్రము ఒక్కటే. ద్రవము ఆవిరి యగునప్పుడు చుట్టునున్న వేడిని గ్రహించును. కూజా నీరు ఆవిరియై గాలిలో కలసిపోవును గనుక మరల నింపవలసియుండును. కారులో ఉన్నది మూసిన కూజా. అందు ఆవిరియైన పదార్థమును విడువక మరల పట్టి, ద్రవముగా మార్చి, తిరిగి అదే పనికి ఉపయోగింతురు.

ఇంజను పట్టీతో తిరుగు కంప్రెసర్ ఆ వాయువును అదుమును. అదిమిన వాయువు వేడెక్కి, రేడియేటరు ముందున్న కండెన్సరులోనికి పోయి, ఎదురుగాలికి తన వేడిని వదలి ద్రవమగును. అచటనుండి డ్రయ్యరు సీసాగుండా పోవునప్పుడు అందులోని తేమ తొలగును. తరువాత ఎక్స్‌పాన్షన్ వాల్వు అను సన్నని ద్వారమును దాటి, డాష్‌బోర్డు వెనుకనున్న కూలింగ్ కాయిల్‌లో ప్రవేశించి ఆవిరియగును. ఆ కాయిల్‌పై బ్లోయరు విసరు గాలి చల్లబడి మన ముఖమునకు తగులును. ఆవిరి మరల కంప్రెసర్‌ను చేరును. చిన్న కారులో ఈ విధముగా నిరంతరము తిరుగు వాయువు సుమారు అరకిలో మాత్రమే.

ఇచ్చట శ్రోతలు గుర్తుంచుకొనవలసిన ముఖ్యవిషయ మొకటి కలదు. ఈ వాయువు పెట్రోలు వంటిది కాదు. పెట్రోలు కాలి తరుగును. ఇది తిరుగునే గాని తరుగదు. రబ్బరు గొట్టములగుండా, కంప్రెసర్ ఇరుసుకుండు సీలుగుండా ఏటా కొన్ని గ్రాములు జారుట సహజమే. ఆ మాత్రపు నష్టమునకు కొన్ని ఏండ్లకొకమారు నింపించిన చాలును. కాని ఒక వేసవిలో నింపినది ఆ వేసవి ముగియకమునుపే పోయినదన్న, ఎక్కడనో చిల్లి ఉన్నదని అర్థము. చిల్లిని వెదకక గ్యాసు నింపుట, అడుగు కారు కుండలో నీళ్ళు పోయుట వంటిది. మన శ్రోత ఖర్చుపెట్టిన రూ. 9,000 ఆ విధముగా గాలిలో కలసిపోయినది.

అయితే చల్లదనము తగ్గినంతమాత్రమున లోపము గ్యాసులోనే ఉన్నదని నిశ్చయింపరాదు. మొదట ఖర్చు లేని కారణములను, తక్కువ ఖర్చు కారణములను చూడవలెను. కొన్ని కార్లలో గ్లవుబాక్సు వెనుక గాలిని వడపోయు ఫిల్టరు ఉండును. అది దుమ్ముతో మూసికొనిపోయిన, కాయిల్ ఎంత చల్లగా ఉన్నను గాలి రాదు. కండెన్సరు రేకుల నడుమ మట్టి, పురుగులు, ఎండుటాకులు చేరిన, వేడి బయటికి పోదు. మెల్లగా నీటితో కడిగించిన సగము జబ్బు కుదురును. కండెన్సరు ముందు తిరుగవలసిన ఫ్యాను నిలిచిపోయిన, బండి పరుగెత్తునప్పుడు చల్లగాను, కూడలిలో ఆగినప్పుడు వేడిగాను గాలి వచ్చును. ఈ గుర్తు కనబడినచో మొదట ఫ్యానును, దాని ఫ్యూజును చూపింపవలెను. పట్టీ వదులైనను, కంప్రెసర్ క్లచ్‌కు విద్యుత్తు అందకున్నను చల్లదనము పోవును. ఈ పనులలో ఏదియు గ్యాసు డబ్బాతో సంబంధము గలది కాదు.

ఇవన్నియు సరిగా ఉండి, పీడనమును కొలుచు గేజీలు వాయువు తగ్గినదని చూపినప్పుడు మాత్రమే చిల్లి వెదకుటకు పూనుకొనవలెను. మంచి పనివాడు గొట్టములలో నత్రజనిని పీడనముతో నింపి, అతుకులకు సబ్బునురుగు రాసి బుడగలకై చూచును. కొందరు వాయువుతోపాటు ఒక రంగునూనె పంపి, నీలలోహిత కాంతిలో అది మెరయు చోటును పట్టుకొందురు. వాయువును వాసన పట్టు చిన్న విద్యుత్ పరికరములు కూడ ఉన్నవి. ఈ వెదకుటకు ఒకటి రెండు గంటల కాలము పట్టును, దానికి కూలి ఇవ్వవలెను. చాలమంది గృహస్థులు ఈ కూలిని దండుగ యనుకొందురు. నిజమునకు మొత్తము ఖర్చులో మిక్కిలి లాభకరమైన భాగము ఇదియే.

చిల్లి దొరికినచోటును బట్టి ఖర్చు మారును. అతుకులలోని ఓ-రింగులు ఎండి బీటవారిన, వస్తువు ఖరీదు స్వల్పము, కూలియే ముఖ్యము. రబ్బరు గొట్టము చీలిన, దానిని మార్చుటకు లేక కొత్త రబ్బరు వేసి బిగించుటకు కొంచెము ఎక్కువగును. కండెన్సరు బండి ముందుభాగమున ఉండుటచే రాళ్ళు తగిలి చిల్లి పడును. దానిని మార్చుట మధ్యరకపు ఖర్చు. కూలింగ్ కాయిల్‌లో చిల్లి యున్న, కాయిల్ ఖరీదుకంటె డాష్‌బోర్డు విప్పి మరల బిగించు కూలి భారముగా తోచవచ్చును. అన్నిటికంటె పెద్ద ఖర్చు కంప్రెసర్‌ది. దాని లోపల ఇనుము అరిగి పొడి రాలినచో, ఆ పొడి గొట్టములన్నిటిలో వ్యాపించును. అప్పుడు గొట్టములు కడిగించి, డ్రయ్యరు, వాల్వు కూడ మార్పక కొత్త కంప్రెసర్ వేయించిన, అదియు త్వరలోనే పాతదాని దారి పట్టును.

ఏ భాగము విప్పినను రెండు పనులు తప్పనిసరి. ఒకటి, గొట్టములు చాలసేపు తెరచియుంచిన డ్రయ్యరు సీసా మార్పించుట. రెండు, గ్యాసు నింపుటకు ముందు వాక్యూం పంపుతో కనీసము అరగంట గాలిని, తేమను లాగివేయుట. తేమ మిగిలిన, సన్నని వాల్వు వద్ద మంచుగా గడ్డకట్టి దారి మూయును; నూనెతో కలసి లోహమును తినివేయును. పంపు పెట్టకయే గ్యాసు నింపువానికి బండి అప్పగింపరాదు.

ఇక "పాత గ్యాసు బండి" యను మాటకు అర్థమేమి? దీని వెనుక ఒక పెద్ద కథ ఉన్నది.

కారులో శీతల యంత్రమును మొదట 1939లో అమెరికాలోని ప్యాకార్డు సంస్థ ప్రదర్శించినది. అది సామానుపెట్టెలో పెద్దభాగము ఆక్రమించెడిది. దానిని నిలుపవలెనన్న బండి ఆపి, ఇంజను మూత తీసి, పట్టీ ఊడదీయవలసియుండెడిది. కొనువారు లేక కొద్ది ఏండ్లకే దానిని మానివేసిరి. యుద్ధానంతరము ఈ యంత్రములు మెరుగుపడి వ్యాపించినవి. వాటిలో నింపిన వాయువు ఆర్-12. థామస్ మిడ్జిలీ మొదలగు రసాయన శాస్త్రజ్ఞులు 1930 ప్రాంతమున లోకమునకు పరిచయము చేసిన ఈ వాయువు మంటపట్టదు, విషము కాదు, లోహమును తినదు. ఇంతకంటె మంచిది లేదనుకొనిరి.

కాని 1974లో మోలినా, రోలండ్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు, ఈ జాతి వాయువులు ఆకాశములో పైకి చేరి, సూర్యకాంతికి విడిపోయి, అందలి క్లోరిన్ ఓజోన్ పొరను హరించునని చెప్పిరి. 1985లో దక్షిణధ్రువముపై ఆ పొర ప్రతి వసంతమున మిక్కిలి పలుచనగుచున్నట్లు బ్రిటిష్ శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. 1987లో మాంట్రియల్ నగరమున దేశములు ఒడంబడిక చేసికొన్నవి. భారతదేశము 1992లో అందు చేరినది. మన దేశమున 2000వ సంవత్సరపు నిబంధనల ననుసరించి, 2003 జనవరి 1 నుండి కొత్త కారు యంత్రములలో ఆర్-12 వాడుట నిషిద్ధమైనది. 2008 ఆగస్టు 1 నుండి ఈ జాతి వాయువుల తయారీ, ఉబ్బసపు మందు పరికరముల అవసరము తప్ప, నిలిచిపోయినది. ఆర్-12 స్థానమున వచ్చినది ఆర్-134ఏ. మన తార్నాకలోని భారత రసాయన సాంకేతిక సంస్థలో కూడ ఈ కొత్త వాయువును తయారుచేయు విధానముపై పరిశోధన జరిగినది. సికింద్రాబాదువారికి ఇది పొరుగింటి వార్తయే.

ఇప్పుడు మన శ్రోతను ఒక ప్రశ్న అడుగవలసియున్నది. ఆర్-12 తయారీ నిలిచి ఇన్ని ఏండ్లయినది గదా! మరి గడచిన నాలుగు వేసవులలో వారి 1996 నాటి బండిలో నింపినది ఏ గ్యాసు? బండి నిజముగా ఆర్-12దే యైనచో, అందు ఆర్-134ఏ నింపియుండవచ్చును, లేక మరియొక మిశ్రమము నింపియుండవచ్చును. ఏది నింపినది రసీదులో లేదు. వారి చిక్కంతయు ఇచ్చటనే ఉన్నది.

ఎందుకనగా గ్యాసు మార్పు అనునది గ్యాసుతో ముగియు పని కాదు. అది నూనెకు, రబ్బరుకు సంబంధించిన పని. కంప్రెసర్ లోపలి భాగములకు నూనెను మోసికొని పోవునది ఆ వాయువే. ఆర్-12 ఖనిజపు నూనెతో చక్కగా కలియును. ఆర్-134ఏ దానితో కలియదు. పాత నూనె తీయకయే కొత్త వాయువు నింపిన, నూనె ఏదో మూలలో నిలిచిపోయి, కంప్రెసర్ ఎండిపోయి అరుగును. కొన్ని వారములు చల్లగా ఉండవచ్చును. ఆ చల్లదనమునకు మూల్యము కంప్రెసర్.

సక్రమమైన మార్పులో చేయవలసినవి ఇవి. మిగిలిన పాత వాయువును గాలిలోనికి వదలక, యంత్రముతో సిలిండరులోనికి లాగవలెను. పాత నూనెను సాధ్యమైనంతవరకు తీసివేసి, కొత్త వాయువుతో కలియు నూనె పోయవలెను; పాత నూనె కొంచెము మిగిలినను ఓర్చుకొనును గనుక మార్పు బండ్లకు ఈస్టరు జాతి నూనెను ఎక్కువగా వాడుదురు. డ్రయ్యరు సీసాను కొత్త వాయువునకు తగినదానితో మార్చవలెను. విప్పిన అతుకులలో కొత్త ఓ-రింగులు వేయవలెను. నింపు ద్వారములకు ఆర్-134ఏ కొలత బిగింపులు అమర్చవలెను. పీడనము మితిమీరిన కంప్రెసర్‌ను నిలుపు స్విచ్ లేనిచో పెట్టింపవలెను. వాయువును పాత తూకములో ఎనుబది నుండి తొంబది పాళ్ళు మాత్రమే నింపవలెను. చివరకు, ఏ వాయువు, ఏ నూనె, ఎంత, ఏ తేదీన నింపినారో చీటి వ్రాసి ఇంజను గదిలో అంటింపవలెను. ఈ చీటికి ఖర్చు లేదు. తరువాత బండిని తెరచు పనివానికి అదియే దీపము.

ఈ జాబితాలో కొత్త కంప్రెసర్, కొత్త కండెన్సరు, కొత్త కాయిల్ లేవని శ్రోతలు గమనించియుందురు. పాతవి చెడినచో మార్చవలసినదే. చెడకున్నచో గ్యాసు మారినదను కారణమున మాత్రము మార్చనక్కరలేదు. అయితే ఒక మాట దాచరాదు. మన ఎండలకు, మన కూడళ్ళకు, ఆర్-12 కొరకు చేసిన చిన్న కండెన్సరు ఆర్-134ఏకు కొంచెము చాలకపోవచ్చును. బండి పరుగున బాగుగానే ఉండి, ఆగినప్పుడు చల్లదనము తగ్గవచ్చును. అట్టిచోట అదనపు ఫ్యాను, లేక మెరుగైన కండెన్సరు వేయించుట సమంజసము. దానిని పని ఆరంభించుటకు ముందే చెప్పువాడు నిజాయితీపరుడు.

చౌకకు ఆశపడి చేయరాని పనులు మూడున్నవి. ఒకటి, వంటగ్యాసు జాతి వాయువును కారులో నింపుట. అది చల్లబరచును, నిజమే, కాని మంటపట్టును. డాష్‌బోర్డు వెనుక కాయిల్ చిల్లి పడిన ఆ వాయువు చేరునది మనము కూర్చున్న చోటికే. రెండు, పేరు లేని డబ్బా గ్యాసు కొనుట. 2011లో ఓడలపై పోవు శీతల పెట్టెలలో కల్తీ వాయువు నింపినందున, అది అల్యూమినియంతో కలసి పేలి ముగ్గురు పనివారు మరణించిరి. మూడు, సరికొత్త కార్లలో కొన్నిటియందుండు ఆర్-1234వైఎఫ్ అను ఖరీదైన వాయువు తరిగినప్పుడు, దాని బదులు ఆర్-134ఏ నింపుట. బండి మూత లోపలి చీటి ఏ వాయువు పేరు చెప్పునో దానినే నింపవలెను.

ఆర్-134ఏ ఓజోన్ పొరకు హాని చేయదు. కాని అది వేడిని పట్టియుంచుటలో బొగ్గుపులుసు వాయువునకు సుమారు 1,400 రెట్లు బలమైనది. ఒక కారులోని అరకిలో గాలిలో కలిసిన, ఏడువందల కిలోల బొగ్గుపులుసు వాయువు కలిసినట్లు. ఒక లీటరు పెట్రోలు కాలిన సుమారు 2.3 కిలోలు పుట్టును గనుక, ఇది మూడువందల లీటర్ల పెట్రోలు కాల్చుటతో సమానము. ఈ కారణముననే 2016లో కిగాలీ నగరమున ఈ జాతి వాయువులను తగ్గించుటకు ఒప్పందము జరిగినది. 2021లో భారతదేశము దానిని ఆమోదించినది. 2032 నుండి మెట్టుమెట్టుగా తగ్గించి, 2047 నాటికి 85 పాళ్ళు తగ్గింపవలెను. కనుక చిల్లి మూయించుట మన సంచికిని, మన ఎండలకును మేలు చేయు ఒకే పని.

ఇక లాలాగూడ శ్రోతకు మా సమాధానము. అయ్యా, రూ. 38,000 అంచనాను ఇప్పుడే ఒప్పుకొనవద్దు, త్రోసివేయవద్దు. ముందుగా చిల్లి వెదకుటకు మాత్రము కూలి ఇచ్చి, ఎక్కడ ఉన్నదో మీ కంటితో చూడుడు. కంప్రెసర్ నూనెను కొంచెము తీయించి తెల్లని గుడ్డపై చూడుడు. నూనె శుభ్రముగా నున్న, కంప్రెసర్ బ్రతికియున్నదను ఆశ కలదు. చిల్లి మూయించి, పైన చెప్పిన మార్పు చేయించుకొనుడు. అప్పుడు మీ ఖర్చు ఆ అంచనాలో చిన్నభాగమే కావచ్చును. నూనె నల్లబడి లోహపు పొడి కనబడిన, పెద్ద ఖర్చు తప్పదు. అట్టి సందర్భమున బండి రిజిస్ట్రేషన్ గడువు ఎంత మిగిలినదో కూడ చూచుకొనుడు. సొంత వాహనములకు మొదటి 15 ఏండ్ల తరువాత ఐదేండ్లకొకమారు తనిఖీతో పొడిగింపు పొందవలెను గదా! గడువు కొద్దిగానే యున్నచో, ఆ సొమ్ముతో వారమునకు మూడు మధ్యాహ్నములు చల్లని అద్దెకారు ఎన్ని నెలలు వచ్చునో లెక్కవేయుడు. బండిపై మమకారము మంచిదే. కాని ఈ లెక్కలో ముందుండవలసినది బండి కాదు, మీ ఇల్లాలి ప్రయాణము.

ఏ మరమ్మతుశాలకు పోయినను మూడు ప్రశ్నలు అడుగుడు. చిల్లి ఎక్కడ? ఏ వాయువు, ఏ నూనె నింపుదురు? తీసిన పాత వాయువును ఏమి చేయుదురు? మూడింటికి తడుముకొనక సమాధానము చెప్పి, రసీదుపై వ్రాసి ఇచ్చువానికి బండి ఇవ్వవచ్చును. పని ముగియువరకు ఆసుపత్రి నుండి వచ్చునప్పుడు బండిని నీడన నిలుపుడు. ఎక్కుటకు ముందు నాలుగు తలుపులు తెరచి రెండు నిమిషములు లోపలి వేడిగాలిని పోనిండు. ఇందుకు ఏ అంచనాయు అక్కరలేదు.